నల్లజాతి బాలుడికి కళాశాల ఎందుకు దూరమవుతోంది? అమెరికాలో ఊతం ఫలించిన చోట్లు, ఫలించని చోట్లు

సంక్షిప్తంగా

అమెరికాలో నల్లజాతి బాలురు డిగ్రీ పట్టా దాకా చేరలేకపోవడానికి ఏదో ఒక్క పెద్ద అడ్డుగోడ కారణం కాదు. నాలుగేళ్ల వయసు నుంచి ఇరవై రెండేళ్ల వయసు దాకా వారి గురించి ఇతరులు తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలు పోగుపడి దారిని ఇరుకు చేస్తున్నాయి. 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పు చుట్టూ నడుస్తున్న చర్చ ఆ దారిలో చాలా ఆలస్యంగా వచ్చే ఒక్క ద్వారానికి సంబంధించినది మాత్రమే. ఫలితం చూపిన కార్యక్రమాలను పరిశీలిస్తే, అవి కుర్రవాళ్లకు హితబోధ చేయడంతో ఆగకుండా బడులు, కళాశాలలు రోజూ నడిచే పద్ధతులనే మార్చినట్టు కనిపిస్తుంది.

తీర్పు తేల్చినదేమిటి, తేల్చనిదేమిటి

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో తీర్పు ఇస్తూ, ప్రవేశాలలో అభ్యర్థి జాతిని ఒక అంశంగా లెక్కించడం చెల్లదని చెప్పింది. ఆసియన్ అమెరికన్ విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది హార్వర్డ్ కేసులో ఫిర్యాదుదారుల ప్రధాన వాదన. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ వర్గం కిందికే వస్తారు కాబట్టి తెలుగువారి ఇళ్లలోనూ ఈ తీర్పు చర్చకు వచ్చింది. ఏడాది తిరిగేసరికి కొన్ని పేరున్న సంస్థల్లో తేడా స్పష్టంగా కనిపించింది. ఆమ్‌హెర్స్ట్ కళాశాలలో కొత్తగా చేరినవారిలో నల్లజాతి విద్యార్థుల వాటా 11 శాతం నుంచి 3 శాతానికి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. భారత రాజ్యాంగంలోని 15(4) అధికరణం ఆధారంగా మన దగ్గర అమలయ్యే రిజర్వేషన్ల వంటి సీట్ల కేటాయింపు అమెరికాలో 1978 నుంచే చట్టవిరుద్ధం. ఆ ఏడాది బాకీ కేసులో కోటాలు చెల్లవని తేల్చిన సుప్రీంకోర్టు, అనేక అంశాలలో ఒకటిగా జాతిని పరిశీలించడానికి మాత్రం అనుమతించింది. 2023లో పోయినది ఆ మిగిలిన వెసులుబాటే. అందువల్ల ఈ తీర్పును ‘అమెరికాలో రిజర్వేషన్ల రద్దు’గా వర్ణించడం సరికాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎంతో వడపోసి విద్యార్థులను చేర్చుకునే ఆ కొద్దిపాటి కళాశాలల్లో చదివే నల్లజాతి కుర్రవాళ్లు మొత్తం మీద బహు తక్కువ మంది. ఎక్కువమంది తమ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనో, రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలల్లోనో చేరతారు. చేరినవారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. హార్వర్డ్ గుమ్మం దగ్గర ఏం జరుగుతోందన్న ప్రశ్నకు దొరికినంత చోటు, మూడో తరగతి గదిలో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు దొరకడం లేదు.

పేదరికం ఒక్కటే కారణమా

2010లో నాలుగేళ్ల డిగ్రీ కళాశాలల్లో చేరిన విద్యార్థులను ఆరేళ్ల తర్వాత లెక్కిస్తే, తెల్లజాతివారిలో 64 శాతం, నల్లజాతివారిలో 40 శాతం పట్టా పుచ్చుకున్నట్టు జాతీయ విద్యా గణాంక కేంద్రం తేల్చింది. నల్లజాతివారిలోనే మళ్లీ అమ్మాయిలు 44 శాతం కాగా అబ్బాయిలు 34 శాతం. అంటే చేరిన ముగ్గురు అబ్బాయిలలో దాదాపు ఇద్దరు ఆరేళ్లకు కూడా తాము చేరిన చోట పట్టా అందుకోలేదు. నల్లజాతివారి కోసమే చారిత్రకంగా ఏర్పడిన కళాశాలల్లో సైతం ఇదే ధోరణి కనిపిస్తుంది. 1976లో ఆ సంస్థల విద్యార్థులలో 38 శాతం నల్లజాతి పురుషులు ఉండగా, 2022 నాటికి ఆ వాటా 26 శాతానికి తగ్గింది.

దీనికి సాధారణంగా వినవచ్చే జవాబు పేదరికం. పేదరికం ప్రభావం నిజమే, కానీ అదొక్కటే జవాబు కాదని 2018లో రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రన్ తదితర ఆర్థికవేత్తలు వెలువరించిన అధ్యయనం చూపింది. దాదాపు 2 కోట్ల మంది పిల్లల బాల్యాన్నీ పెద్దయ్యాక వారి ఆదాయాన్నీ పోల్చి చూసినప్పుడు, దేశంలోని 99 శాతం జనగణన విభాగాల్లో, తల్లిదండ్రుల ఆదాయం సమానంగా ఉన్నా నల్లజాతి బాలురు తెల్లజాతి బాలురకన్నా తక్కువ సంపాదించే స్థితికే చేరారు. నల్లజాతి బాలికల విషయంలో మాత్రం, సమాన ఆదాయ కుటుంబాల తెల్లజాతి బాలికలతో పోలిస్తే సొంత సంపాదనలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ రెండో అంశం మీద కాస్త ఆగి ఆలోచించాలి. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల చేతుల మీద పెరిగిన అక్కాతమ్ముళ్ల దారులు ఇంతగా వేరవుతున్నప్పుడు, ఇంటి వాతావరణాన్నో, సంస్కృతినో మాత్రమే నిందించడం నిలబడే వాదన కాదు. ఇంటి బయట ఆ అబ్బాయిని లోకం ఎలా చూస్తోందన్నది పరిశీలించక తప్పదు.

నాలుగేళ్ల వయసులో మొదటి శిక్ష

ఆ పరిశీలన పూర్వ ప్రాథమిక తరగతుల దగ్గరే మొదలవుతుంది. విద్యాశాఖ పౌరహక్కుల విభాగం సేకరించిన 2020–21 వివరాల ప్రకారం ఆ తరగతుల పిల్లల్లో నల్లజాతి బాలురు 9 శాతం. బడికి రావద్దని సస్పెండ్ అయిన పిల్లల్లో మాత్రం వారు 23 శాతం. పై తరగతులన్నీ కలిపి చూస్తే విద్యార్థుల్లో వారి వాటా 8 శాతం, సస్పెండై ఇంటికి పంపబడినవారిలో 18 శాతం. ‘వాళ్లు ఎక్కువ అల్లరి చేస్తారేమో’ అన్న సందేహాన్ని యేల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిలియం బృందం 2016లో మరో వైపు నుంచి పరీక్షించింది. చిన్నపిల్లలు ఆడుకుంటున్న వీడియోలను ఉపాధ్యాయులకు చూపించి, అల్లరి మొదలయ్యే సూచనలను పసిగట్టమని అడిగారు. నిజానికి ఆ వీడియోల్లో అల్లరి ఏదీ లేదు. అయినా కంటిచూపును నమోదు చేసే పరికరం ప్రకారం ఉపాధ్యాయుల చూపు నల్లజాతి బాలుడి మీదే ఎక్కువసేపు నిలిచింది. ఎక్కడ వెతుకుతారో అక్కడే తప్పు దొరుకుతుంది.

ఒక సస్పెన్షన్ వల్ల పోయేది నాలుగు రోజుల పాఠం మాత్రమే కాదు. ఆ కాగితం పిల్లవాడి దస్త్రంలో చేరుతుంది. వచ్చే ఏడాది టీచరు అతన్ని చూడకముందే ఆ దస్త్రాన్ని చూస్తారు. ప్రతిభావంతుల తరగతికి ఎవరి పేరు పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతని పేరు తట్టదు. శిక్ష చేసే అసలు హాని ఈ తర్వాతి మెట్ల మీదే ఉంటుంది.

పేరు ఎవరు పంపుతారు

అమెరికన్ బడుల్లో ప్రతిభావంతుల తరగతులకూ, పై స్థాయి గణితానికీ విద్యార్థులను ఎంచే పద్ధతి చాలా చోట్ల టీచరు సిఫారసు మీదో, తల్లిదండ్రులు పట్టుబట్టి అడగడం మీదో ఆధారపడి ఉంటుంది. ఈ పద్ధతిలో ఎవరు జారిపోతున్నారో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ అనుభవం చెప్పింది. 2005లో అక్కడి ప్రభుత్వ బడులను నడిపే విద్యాజిల్లా సిఫారసులతో నిమిత్తం లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టింది. ప్రతిభావంతుల తరగతికి అర్హత పొందిన నల్లజాతి పిల్లల సంఖ్య సుమారు 80 శాతం, హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) పిల్లల సంఖ్య సుమారు 130 శాతం పెరిగిందని డేవిడ్ కార్డ్, లారా జూలియానో అధ్యయనం తేల్చింది. పిల్లలు వాళ్లే, వాళ్ల తెలివితేటలూ అవే, మారింది వెతికే పద్ధతి. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం నాటి బడ్జెట్ కోతల్లో ఆ పరీక్షను ఆపేయగానే పాత వ్యత్యాసాలు తిరిగి వచ్చాయి.

గణితంలో ఈ ఎంపిక ప్రభావం మరింత దూరం వెళ్తుంది. ఎనిమిదో తరగతిలో బీజగణితం చదివితేనే పన్నెండో తరగతి నాటికి కలనగణితం అందుతుంది. కలనగణితం లేని విద్యార్థికి ఇంజినీరింగ్ వంటి కోర్సుల తలుపులు సగం మూసుకున్నట్టే. మిసిసిపీలో ఓటు హక్కుల ఉద్యమాన్ని నడిపిన బాబ్ మోజెస్ 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టును స్థాపించడానికి కారణం ఇదే. గణితం అందకపోవడాన్ని ఆయన ఓటు హక్కు అందకపోవడంతో సమానమైన పౌరహక్కుల సమస్యగా చూశారు.

ఈ ద్వారాన్ని సరిచేయడానికి రెండు నగరాలు రెండు వ్యతిరేక మార్గాలు ఎంచుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో తరగతి బీజగణితాన్ని అందరికీ ఎత్తేసింది. కొందరికే అందుతున్నది ఎవరికీ లేకపోతే సమానత్వం వస్తుందన్న ఆశ దాని వెనుక ఉంది. పై తరగతుల్లో జాతుల మధ్య అంతరం ఆశించినట్టు తగ్గలేదు. బయట ఫీజు కట్టి నేర్చుకోగలిగినవారు నేర్చుకున్నారు. 2024లో నగరం వెనక్కి తగ్గి బీజగణితాన్ని మళ్లీ తీసుకురావాలని నిర్ణయించింది. టెక్సస్‌లోని డాలస్ 2019లో ఇందుకు భిన్నంగా, పరీక్షలో తగిన మార్కులు వచ్చిన ప్రతి విద్యార్థినీ పై స్థాయి తరగతిలో తానే చేర్చి, వద్దనుకున్నవారు రాసిచ్చి తప్పుకునే ఏర్పాటు చేసింది. ఎనిమిదో తరగతిలో బీజగణితం చదువుతున్న నల్లజాతి విద్యార్థుల వాటా అక్కడ రెట్టింపుకు మించి పెరిగింది. టెక్సస్ రాష్ట్రం 2023లో ఇదే పద్ధతిని చట్టంగా చేసింది. మెట్టును తీసేయడంకన్నా, అడగకుండానే అందరినీ మెట్టు ఎక్కించడం మేలన్నది ఈ పోలిక నుంచి తేలుతున్న విషయం.

నల్లబల్ల ముందు నిలబడేవారు

ఇంతవరకు చెప్పిన నిర్ణయాలన్నిటి వెనుకా ఒక మనిషి ఉన్నారు, అది టీచరు. అమెరికా ప్రభుత్వ బడుల టీచర్లలో నల్లజాతివారు సుమారు 6 శాతం. నల్లజాతి పురుషులు 2 శాతం కూడా లేరు. ఈ కొరతకు చరిత్ర ఉంది. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, దక్షిణాది రాష్ట్రాల్లో పిల్లలను కలిపే క్రమంలో నల్లజాతి బడులను మూసేశారు. తెల్లజాతి పిల్లలకు పాఠం చెప్పడానికి ఆ బడుల టీచర్లను చాలా జిల్లాలు తీసుకోలేదు. 1954, 1965 మధ్య 17 రాష్ట్రాల్లో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారని అంచనా. ఒక గొప్ప తీర్పు అమలైన తీరు వల్ల ఒక తరం గురువులు మాయమయ్యారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు.

ఆ లోటు చదువు మీద చూపే ప్రభావాన్ని సేత్ గెర్షన్‌సన్ తదితర పరిశోధకులు లెక్కగట్టారు. టెనెసీలో పిల్లలను లాటరీ పద్ధతిలో తరగతులకు కేటాయించిన ఒక పాత ప్రయోగం వివరాలను వారు తిరిగి పరిశీలించినప్పుడు, మూడో తరగతి లోపు కనీసం ఒక నల్లజాతి టీచరు దగ్గర చదివిన నల్లజాతి పిల్లలు కళాశాలలో చేరే అవకాశం 13 శాతం, ఇద్దరి దగ్గర చదివితే 32 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. నార్త్ కరోలినా వివరాల ప్రకారం, మూడు నుంచి అయిదు తరగతుల మధ్య ఒక్క నల్లజాతి టీచరు ఉన్నా, బాగా పేద కుటుంబాల నల్లజాతి బాలురలో హైస్కూల్ మానేసే అవకాశం 39 శాతం తగ్గింది.

ఇది ఎలా పనిచేస్తుంది? తనలాంటి మనిషి బల్ల ముందు నిలబడి పాఠం చెప్పడం చూసినప్పుడు పిల్లవాడికి ఆ చోటు తనకూ సాధ్యమేనన్న నమ్మకం కలగడం ఒక కారణం. రెండోది టీచరు అంచనా. ఒకే నల్లజాతి విద్యార్థిని ఇద్దరు టీచర్లు అంచనా వేసినప్పుడు, అతను డిగ్రీ పూర్తిచేస్తాడని చెప్పే అవకాశం నల్లజాతి టీచరుతో పోలిస్తే తెల్లజాతి టీచరు విషయంలో సుమారు 30 శాతం తక్కువని మరో అధ్యయనం చూపింది. అంచనా తక్కువైతే ఇచ్చే పని తక్కువవుతుంది, చూపే ఓపిక తక్కువవుతుంది, చివరకు అంచనాయే నిజమవుతుంది. ఈ టీచర్లలో ఎక్కువమంది దురుద్దేశం లేనివారే. అందుకే శిక్షణలో ఒక ఉపన్యాసంతో ఇది పోదు.

దక్షిణ కరోలినాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2000లో మొదలైన ‘కాల్ మీ మిస్టర్’ కార్యక్రమం నల్లజాతి యువకులకు ఫీజు సాయం ఇచ్చి, బృందాలుగా చదివించి, ప్రాథమిక పాఠశాల టీచర్లుగా పంపుతోంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ మరో పద్ధతి పాటించింది. అక్కడి విద్యాజిల్లా 2010లో ఆఫ్రికన్ అమెరికన్ బాలుర అభ్యున్నతి కోసం ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పరచి, నల్లజాతి పురుష టీచర్లు నల్లజాతి బాలురకు రోజూ ఒక పీరియడ్ బోధించే తరగతిని హైస్కూల్ టైమ్‌టేబుల్‌లోనే చేర్చింది. ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, చదువు అలవాట్లు, కళాశాలకు సన్నాహం అందులో పాఠ్యాంశాలు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన థామస్ డీ, ఎమిలీ పెనర్‌తో కలిసి చేసిన పరిశీలనలో, ఈ తరగతి అందుబాటులో ఉన్న బడుల్లో నల్లజాతి బాలురు చదువు మానేయడం 43 శాతం తగ్గినట్టు వెల్లడైంది. ఆ తరగతిలో లేని నల్లజాతి బాలికల్లో కూడా మానేయడం కొంత తగ్గింది. బడి సాయంత్రం ముగిశాక నడిపే క్లబ్బుగా కాకుండా మార్కులు వచ్చే పాఠంగా ఉండటం వల్లనే దానికి ఈ బలం వచ్చిందని భావించవచ్చు.

దరఖాస్తు, డబ్బు, ఒక వేసవి

హైస్కూల్ పూర్తయ్యాక అడ్డంకి రూపం మారుతుంది. పేద విద్యార్థికి అమెరికాలో ప్రధాన ఆధారం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు. దాని గరిష్ఠ మొత్తం 2023–24లో 7,395 డాలర్లు. అది పొందాలంటే ఆర్థిక సాయం దరఖాస్తు నింపాలి. ఆ దరఖాస్తు ఎంత పెద్ద అడ్డమో 2008లో ఒహాయో, నార్త్ కరోలినాల్లో జరిగిన ప్రయోగం వెల్లడించింది. ఆదాయపు పన్ను పత్రాలు నింపే కార్యాలయానికి వచ్చిన కుటుంబాలకు, అదే వివరాలతో అక్కడికక్కడే ఆర్థిక సాయం దరఖాస్తు కూడా నింపి ఇచ్చారు. ఆ కుటుంబాల పిల్లల్లో రెండేళ్ల కళాశాల చదువు పూర్తిచేసినవారు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. సీటు ఖరారైన తర్వాత కూడా వేసవి నెలల్లో ఏదో ఒక కాగితం దగ్గర ఆగిపోయి, తరగతులు మొదలయ్యేసరికి రాని విద్యార్థులు చాలామంది ఉంటారు. ఇంట్లో కళాశాల మెట్లెక్కినవారు ఎవరూ లేని కుటుంబాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ.

అలాగని డబ్బుతోనే అంతా కుదురుతుందని చెప్పడానికి వీల్లేదు. మిషిగన్‌లోని కలమజూ నగరంలో 2005లో పేరు వెల్లడించని దాతలు స్థానిక ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు రాష్ట్ర కళాశాలల ఫీజు కట్టే పథకం ప్రకటించారు. డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిల సంఖ్య బాగా పెరగగా, అబ్బాయిల విషయంలో గుర్తించదగిన పెరుగుదల కనిపించలేదు. ఫీజు తలుపు తెరుస్తుంది. లోపల నిలబడటానికి మరేదో కావాలి. మరోవైపు, ఫీజు లేకపోతే పట్టా వచ్చినా భారం వదలదు. అట్లాంటాలోని పురుషుల కళాశాల మోర్‌హౌస్‌లో 2019 పట్టభద్రుల అప్పంతా తీరుస్తానని పెట్టుబడిదారు రాబర్ట్ స్మిత్ ప్రకటించినప్పుడు, దాదాపు 400 మంది విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ చేసిన ఆ అప్పు 3.4 కోట్ల డాలర్లని తేలింది.

ఒంటరిగా చదివే అలవాటు

కళాశాల లోపల ఏం జరుగుతుందో చెప్పే పరిశోధనల్లో యూరీ ట్రీస్‌మన్ 1970ల చివరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో చేసిన పరిశీలన నేటికీ విలువైనది. కలనగణితంలో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారని ఆయన అధ్యాపకులను అడిగితే ప్రేరణ లేకపోవడం, పునాది సరిగా లేకపోవడం, ఇంటి ప్రోత్సాహం కొరవడటం, పేదరికం అన్న నాలుగు జవాబులు వచ్చాయి. ఆయన 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా సంతతి విద్యార్థులను నెలల తరబడి దగ్గరుండి గమనించాక ఆ నాలుగూ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థుల్లో చాలామంది తమ హైస్కూళ్లలో మెరికలే; వారి తల్లిదండ్రులు పిల్లల కళాశాల చదువు గురించి ఏళ్ల ముందు నుంచే కలలు కన్నవారే. తేడా మరోచోట ఉంది. చైనా సంతతి విద్యార్థులు విడిగా చదివిన తర్వాత కూడా రాత్రి కలిసి కూర్చుని జవాబులు సరిచూసుకునేవారు. ఎవరికీ రాని లెక్క నిజంగానే కష్టమైన లెక్క అని వారికి తెలిసేది. నల్లజాతి విద్యార్థులు చెప్పినన్ని గంటలూ చదివేవారు, కానీ ఒంటరిగా. లెక్క రాకపోతే లోపం తనలోనే ఉందని ఎవరికి వారు అనుకునేవారు.

ట్రీస్‌మన్ ఇందుకు పరిష్కారంగా వెనుకబడినవారి కోసం అదనపు తరగతి పెట్టలేదు. మామూలు పాఠంకన్నా కష్టమైన లెక్కలను బృందాలుగా చేయించే కార్యశాలలను, ప్రతిభావంతుల కార్యక్రమంగా గౌరవంతో నడిపారు. వాటిలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి. ‘నీకు లోటు ఉంది, పూడుస్తాం’ అనడానికీ, ‘నీకు సత్తా ఉంది, ఇంకా కష్టమైనది ఇస్తాం’ అనడానికీ మధ్య ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణలు తక్కువ.

ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున అమలు చేసిన చోటు మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణం. రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం ఏర్పడింది. 1989లో చేరిన మొదటి బృందంలో 19 మందీ నల్లజాతి యువకులే. దాన్ని తీర్చిదిద్దిన ఫ్రీమన్ హ్రబావ్‌స్కీ స్వయంగా గణితవేత్త. 1963లో బర్మింగ్‌హామ్‌లో పన్నెండేళ్ల వయసులో జాతి విభజనకు వ్యతిరేకంగా సాగిన బాలల పాదయాత్రలో నడిచి జైలుకు వెళ్లినవారు. చేరకముందు వేసవిలోనే బృందాన్ని ఒకచోట ఉంచి చదివించడం, కలిసి చదవడాన్ని తప్పనిసరి చేయడం, మొదటి ఏడాది నుంచే పరిశోధనశాలలో పని ఇవ్వడం, బి గ్రేడు వచ్చిన కోర్సును కూడా మళ్లీ చదవమని ప్రోత్సహించడం అందులో భాగాలు. ఇక్కడ సీటు వచ్చినా కాదని వేరే చోట చేరిన విద్యార్థులతో పోలిస్తే, మేయర్‌హాఫ్ విద్యార్థులు విజ్ఞాన శాస్త్రాల్లో పీహెచ్‌డీకి వెళ్లే అవకాశం దాదాపు అయిదు రెట్లు. 2017 నుంచి 2021 వరకు అమెరికా సర్జన్ జనరల్‌గా (ప్రజారోగ్యంపై ప్రభుత్వ ప్రధాన వైద్య ప్రతినిధిగా) పనిచేసిన జెరోమ్ ఆడమ్స్ ఈ కార్యక్రమం నుంచి వచ్చినవారే.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం ఎంచుకున్న దారిలో జాతి పేరుతో ప్రత్యేక కార్యక్రమం ప్రధానం కాదు. సెమిస్టరు ఫీజులో కొద్ది మొత్తం తక్కువైనందుకే వందల మంది పేర్లను తామే కొట్టేస్తున్నామని గుర్తించిన ఆ సంస్థ, 2011 నుంచి దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా ఆ లోటును తానే పూరించడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి ఇచ్చే సాయం సగటున వెయ్యి డాలర్ల లోపే. 2012 నుంచి ప్రతి విద్యార్థి మార్కులను, కోర్సుల ఎంపికను కంప్యూటరు రోజూ గమనించి, దారి తప్పే సూచన కనిపించగానే సలహాదారుకు తెలియజేస్తుంది. 2016లో వేసవి సందేహాలకు ఫోన్ సందేశాల ద్వారా జవాబిచ్చే యంత్ర సహాయకుణ్ని ప్రవేశపెట్టగా, సీటు వచ్చినా చేరనివారి సంఖ్య సుమారు అయిదో వంతు తగ్గింది. ఆరేళ్లలోపు పట్టా పొందేవారి వాటా 2003లో 32 శాతం ఉండగా తర్వాత 50 శాతం దాటింది. నల్లజాతి విద్యార్థులు మిగతా వారితో సమానంగా పట్టాలు పొందుతున్నారు. న్యూయార్క్ నగర కమ్యూనిటీ కళాశాలల్లో 2007లో మొదలైన ‘ఏశాప్’ పథకం కూడా ఇదే కోవకు చెందినది. ఫీజు, పుస్తకాలు, రవాణా పాసు, తరచూ కలిసే సలహాదారు అన్నీ ఒకే కట్టగా ఇస్తే, మూడేళ్లలో కోర్సు పూర్తిచేసినవారు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారని లాటరీ పద్ధతిలో చేసిన పరీక్ష నిర్ధారించింది.

ఇకపై ఏం జరగవచ్చు

2025 నుంచి, జాతిని లెక్కలోకి తీసుకునే కార్యక్రమాల మీద ఒత్తిడి కళాశాల ప్రవేశాలను దాటి బడుల దాకా వచ్చింది. చికాగో విద్యాజిల్లా ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించిన నల్లజాతి విద్యార్థుల విజయ ప్రణాళికలో, నల్లజాతి పురుష టీచర్లను పెంచడం, నల్లజాతి విద్యార్థుల సస్పెన్షన్లను తగ్గించడం ప్రధాన లక్ష్యాలు. అది ఇతర జాతుల పట్ల వివక్ష అన్న ఫిర్యాదు మీద ఫెడరల్ విద్యాశాఖ ఏప్రిల్‌లో విచారణ మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్ అయితే ఇలాంటి ఫిర్యాదు వచ్చాక 2024లోనే తన ప్రణాళికను అందరికీ వర్తించేలా మార్చుకుంది.

పేరు మార్చినంత మాత్రాన పని ఆగుతుందా అన్నదానికి మేయర్‌హాఫ్ చరిత్ర కొంత జవాబు ఇస్తుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం మరో ప్రాంగణంలో నల్లజాతివారికి ప్రత్యేకించిన మరో స్కాలర్‌షిప్ చెల్లదని 1994లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు ఇవ్వగా, ఆ తర్వాత 1996లో మేయర్‌హాఫ్ అన్ని జాతులవారికీ తలుపు తెరిచింది. విజ్ఞాన రంగాల్లో అల్పసంఖ్యాకుల భాగస్వామ్యం పెరగాలన్న ఆశయం పట్ల ఆసక్తి ఉండాలన్న షరతును మాత్రం నిలుపుకుంది. కార్యక్రమం బలహీనపడలేదు; 2013 నుంచి పెన్ స్టేట్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాలు దాని నమూనాను తమ ప్రాంగణాల్లోనూ నడిపాయి. బ్రోవర్డ్ పరీక్ష, డాలస్ గణితం, జార్జియా స్టేట్ సాయం, ఏశాప్ సైతం మొదటి నుంచీ అందరికీ ఉద్దేశించినవే; అయినా ఎక్కువగా జారిపోతున్నవారికే ఎక్కువ మేలు చేశాయి. ఈ దారులకు న్యాయస్థానాల నుంచి వచ్చే ముప్పు తక్కువ. బడ్జెట్ కోతల నుంచి వచ్చే ముప్పు ఎక్కువ.

ఓక్లండ్ తరగతి వంటివాటి సంగతి వేరు. అక్కడ బాలుడి జాతిని పక్కన పెడితే పాఠమే మిగలదు. అటువంటి తరగతులు తమ రూపం కాపాడుకోవడం కష్టమయ్యే సూచనలు ఉన్నాయి. టీచర్ల కొరత విషయంలో పరిస్థితి ఇంకా సున్నితమైనది. 2025 ఫిబ్రవరిలో విద్యాశాఖ టీచర్ల శిక్షణకు ఇచ్చిన 60 కోట్ల డాలర్లకు పైగా గ్రాంట్లను రద్దు చేసింది. వాటిలో కొన్నింటి నిలిపివేత కొనసాగడానికి ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు అనుమతించింది. కొరత ఉన్న బడులకు కొత్త టీచర్లను, అందులో నల్లజాతివారిని, తయారుచేస్తున్న కార్యక్రమాలు ఆ గ్రాంట్ల మీద నడిచాయి. ప్రవేశాల తీర్పు ప్రభావం ఒక్క ఏడాదిలో అంకెల్లోకి వచ్చింది. తరగతి గదిలోకి రాకుండా పోయిన టీచరు ప్రభావం మాత్రం, 2025లో మూడో తరగతి చదివిన పిల్లవాడు 2034 ప్రాంతంలో కళాశాల దరఖాస్తు నింపడానికి కూర్చున్నప్పుడో, కూర్చోకుండా పోయినప్పుడో గాని తెలియదు.